బఫెలో గెలిచిన పదహారు సెకన్లు

రెండు వేల సంవత్సరం, జనవరి తొమ్మిది, ఆదివారం. ఉదయం ఆరింటికి సిడ్నీ పక్కనున్న పారమట్టాలో ఆరో అంతస్తు ఆఫీసు తలుపు తెరిస్తే, రాత్రంతా ఎవరూ పీల్చని గాలి లోపల చల్లగా నిలబడి ఉంది. రత్నరాజు దీపాలు వెయ్యలేదు. అద్దాల అవతల చర్చి స్ట్రీట్ మనుషులు లేక, కడిగి బోర్లించిన పళ్ళెంలా ఉంది. నది ఒడ్డు చెట్లలో కీచురాళ్ళు అప్పుడే మొదలుపెట్టాయి. ఈ దేశంలో అవి పగలు అరుస్తాయి. ఇంత పొద్దున్నే అరిచాయంటే మధ్యాహ్నానికి రోడ్డు మీద తారు కరుగుతుంది.

అతని బల్ల మీద రెండు తెరలు. ఒకదాని మీద నల్లటి చీకట్లో ఆకుపచ్చ అక్షరాలు. అది ఒక ఇన్సూరెన్స్ కంపెనీ పాత యంత్రం. సంవత్సరం మారగానే కంప్యూటర్లన్నీ రెండు వేలని పందొమ్మిది వందలనుకుని తలకిందులవుతాయని ప్రపంచమంతా రెండేళ్ళు భయపడింది. ఆ భయమే రత్నరాజుని ఈ దేశం తెచ్చింది. తీరా సంవత్సరం మారింది, ఏమీ కాలేదు. అయినా నెలాఖరు దాకా ఎవరో ఒకరు వంతుల ప్రకారం వచ్చి, ఏమీ కావడం లేదని చూస్తూ కూర్చోవాలి. ఆకుపచ్చ అక్షరాలు కదలకుండా ఉంటే ఆ రోజు పని బాగా జరిగినట్టు.

రెండో తెర మీద ఇంటర్నెట్. అమెరికాలో నాష్‌విల్ అనే ఊళ్ళో అప్పుడు శనివారం మధ్యాహ్నం. అక్కడ ఫుట్‌బాల్ ఆట జరుగుతోంది. బొమ్మ లేదు, చప్పుడు లేదు. ఆట అంతా వట్టి అక్షరాల్లో, నిమిషానికోసారి పేజీ మారినప్పుడల్లా ఒక వాక్యంగా వస్తోంది. సగం ఆట అయింది. టెన్నెసీ పన్నెండు. బఫెలో సున్నా.

ఆ సున్నాలో అతని బిడ్డ ఉంది.

ఇంకా పుట్టని బిడ్డ. పార్కు అవతల ఆసుపత్రిలో, కాళ్ళ వైపు ఎత్తు పెంచిన మంచం మీద అతని భార్య మరియరాణి వారం రోజులుగా వెల్లకిలా పడుకుని ఉంది. ఇవాళ్టికి ఇరవై రెండు వారాల ఐదు రోజులు. ఇరవై నాలుగు వారాలు నిండితే ఏదో ఒకటి ప్రయత్నించవచ్చు, అంతకు ముందు వచ్చేస్తే మా చేతుల్లో ఏమీ ఉండదు అని డాక్టరమ్మ మెత్తగా, ఎక్కడా తడబడకుండా చెప్పింది. ఇంకా తొమ్మిది రోజులు. ఇది నాలుగో గర్భం. మొదటిది పాలకొల్లులో, రెండోది హైదరాబాదులో, మూడోది కిందటేడు ఇక్కడే పోయాయి. మూడూ ఆరో నెల దాటలేదు. ఆరో నెల వాళ్ళింట్లో ఒక గడప. దాన్ని దాటి లోపలికి వచ్చిన పిల్ల ఇంతవరకూ లేదు.

వాళ్ళ చర్చి సంఘంలో ఏటా డిసెంబరు ముప్పై ఒకటిన ఆరాధన అయ్యాక, ఒక పళ్ళెంలో వాగ్దానాల కార్డులు బోర్లించి పెడతారు. ఒక్కొక్కరూ కళ్ళు మూసుకుని ఒక కార్డు తీస్తారు. దాని మీద ఉన్న బైబిలు వాక్యం ఆ ఏడాదికి వాళ్ళది. ఆ సాయంత్రం రత్నరాజు ఈ కుర్చీలోనే ఉన్నాడు, కాలం తలకిందులవుతుందేమోనని కాపలా కాస్తూ. మరియరాణి నొప్పితో పడుకుని ఉంది. ఇద్దరికీ కార్డు లేదు. మర్నాడు పొద్దున ఆమెను ఆసుపత్రిలో చేర్చి, బయట కారు పార్కులో నిలబడి అతను దేవుణ్ణి గుర్తు అడిగాడు. వాళ్ళ నాన్న అడిగేవాడు, తాత అడిగేవాడు: ఫలానాది జరిగితే నీ చిత్తం ఇదని తెలుసుకుంటాను ప్రభువా అని. రత్నరాజు ఏమడగాలో వెతుక్కోలేదు. అది నోటికి దానంతటదే వచ్చింది.

"ప్రభువా, కప్పు అక్కర్లేదు. వచ్చే వారం నాకౌట్‌లో బఫెలో ఒక్క ఆట గెలిస్తే చాలు. నా బిడ్డ బతుకుతుందని తెలుసుకుంటాను."

తలుపు చప్పుడైంది. గియాసుద్దీన్ రెండు స్టీలు డబ్బాలు గుండెకి హత్తుకుని లోపలికొచ్చాడు. అతనిది హైదరాబాదు, ఈ కాపలాలో రత్నరాజుకి జత.

"ఏంది రాజు భాయ్, లైట్లేస్కోకుండ దెయ్యం లెక్క కూసున్నవ్?"

"ఈద్ ముబారక్ గియాస్."

"నిన్నటి పండుగ, ఇయ్యాల బాసీ అయింది. అయినా ఖైర్ ముబారక్. ఇగో, మా ఇంటామె అన్వరీ షీర్ ఖుర్మా పంపింది. ఇది నీకు, ఇది భాభీకి. భాభీ దాన్ల చక్కెర తక్కువేసింది, డాక్టర్ గిట్ల ఏమన్నా అంటరేమోనని." తెర వైపు వంగాడు. "మళ్ళ మీ బర్రెలేనా! ఎంతయింది?"

"పన్నెండు, సున్నా."

"మనది పన్నెండా?"

"మనది సున్నా."

"తౌబా," అని గియాసుద్దీన్ కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నాడు.

రత్నరాజుకి బఫెలో ఎలా అంటుకుందో ఆఫీసులో అందరికీ తెలుసు. పాలకొల్లు మిషన్ స్కూలు మాస్టారి కొడుకు, మద్రాసులో కోబాల్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుని, తొంభైలో అమెరికా వెళ్ళాడు. కాంట్రాక్టు కంపెనీ అతన్ని దింపిన ఊరు బఫెలో. సరస్సు మీంచి మంచు అడ్డంగా వచ్చి పడే ఊరు. మూతపడిన ఉక్కు ఫ్యాక్టరీల ఊరు. పై అంతస్తు గది అద్దెకిచ్చిన ముసలాయన మొదటి ఆదివారమే కిందికి పిలిచి, సూప్ గిన్నె చేతికిచ్చి, టీవీ ముందు కూర్చోబెట్టాడు. ఆట అర్థమయ్యేసరికి నెల పట్టింది. ఆ బంతి కోడిగుడ్డులా ఉంటుంది. దాన్ని తన్నేది తక్కువ, పొట్టకి హత్తుకుని పరిగెత్తేది ఎక్కువ. బిడ్డని ఎత్తుకుని గుంపులోంచి పారిపోయే తండ్రిలా పరిగెత్తుతారు.

ఆ ఏడు బఫెలో ఫైనల్‌కి వెళ్ళింది. చివరి సెకన్లలో ఒక్క పాయింటు వెనకబడి ఉంది. బంతిని తన్ని రెండు స్తంభాల మధ్య నుంచి పంపితే గెలుపు. తన్నిన బంతి కుడి పక్కగా వెళ్ళిపోయింది. మరుసటి ఏడూ ఫైనల్‌కి వెళ్ళారు, ఓడారు. మూడో ఏడు ఫైనల్‌కి దారిలో ఒక ఆటలో మూడుకి ముప్పై అయిదుతో వెనకబడ్డారు. టికెట్లు మిగిలిపోయాయని ఊళ్ళో వాళ్ళకి టీవీలో చూపించలేదు, రేడియో ఒక్కటే దిక్కు. ముసలాయన రేడియో కట్టేసి మంచు ఎత్తిపోయడానికి బయటికెళ్ళాడు. రత్నరాజు మళ్ళీ పెట్టాడు. గెలిచారు! అంత వెనకబడి గెలిచిన జట్టు అంతవరకూ లేదు. ఆ సాయంత్రం ముసలాయన గుమ్మంలో పార పట్టుకుని ఏడుస్తుంటే, జరగదన్నది జరుగుతుందని రత్నరాజు నేర్చుకున్నాడు. ఆ ఏడు కూడా ఫైనల్లో ఓడారు. నాలుగో ఏడూ ఓడారు. వరసగా నాలుగుసార్లు ఆఖరి మెట్టు దాకా వెళ్ళి నాలుగుసార్లూ కిందపడిన జట్టు ఇంకొకటి లేదు. అతను ఆ ఊరు వదిలి, పెళ్ళి చేసుకుని, ఇంకో ఖండం చేరినా, జనవరి వస్తే ఆ గది కిటికీ మీద మంచు అతని కంటి రెప్ప మీదికి వచ్చేది.

ఇంతవరకే ఆఫీసుకి తెలుసు. గుర్తు సంగతి గియాసుద్దీన్‌కి అప్పుడే చెప్పాడు, తెర వైపే చూస్తూ.

గియాసుద్దీన్ చెంచా డబ్బాలోనే ఆపాడు. "ఏం పని చేసినవ్ భాయ్! పైనున్నోడికి నువ్వు ఎగ్జామ్ పేపరిస్తవా?"

"మాలో ఉందిలే ఆ అలవాటు."

"ఉంటే ఉండనీ. వాన పడాలని అడగరాదె? పిచ్చుక కిటికీ మీద వాలాలని అడగరాదె? పదిహేను వేల కిలోమీటర్ల అవతల, ఓడిపోవుట్ల నంబర్ వన్ టీమ్ మీద పెట్టినవ్."

"సులువైంది అడిగితే అది గుర్తెలా అవుతుంది?"

"అరే, క్రికెట్ మీదన్నా…" అని, తనే నాలిక కరుచుకున్నాడు. "వద్దులే. మొన్న ఈడ సిడ్నీల మనోళ్ళు మూడు రోజులల్ల చేతులెత్తిండ్రు. గది ఇంక ఘోరం." కాసేపాగి, "భాభీకి తెలుసా?"

"తెలీదు. గెలిచాకే చెప్దామని."

పేజీ మారింది. బఫెలో ఏడు.

గియాసుద్దీన్ కుర్చీ ఇంకాస్త ముందుకి జరిపాడు. ఎండ కిటికీలోంచి వచ్చి బల్ల అంచు పట్టుకుంది. ఒక్కో వాక్యం ఒక్కో నిమిషం. మూడు గజాలు ముందుకి. ఏమీ లేదు. బంతి వాళ్ళకిచ్చేశారు. మళ్ళీ తీసుకున్నారు. చాలాసేపటికి బఫెలో పదమూడు, టెన్నెసీ పన్నెండు. రత్నరాజు లేచి, ఎండలో నిలబడి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. ఆట ఇంకా రెండు నిమిషాలు కూడా లేదనగా టెన్నెసీ బంతిని స్తంభాల మధ్య నుంచి పంపింది. పదిహేను, పదమూడు.

"అయిపోయింది గియాస్."

"టైముంది కద భాయ్."

"వీళ్ళ సంగతి నాకు తెలుసు."

పేజీ మారింది. బఫెలో ముందుకొస్తోంది. మళ్ళీ మారింది. ఇంకా ముందుకి. తర్వాత వచ్చిన వాక్యాన్ని రత్నరాజు రెండుసార్లు చదివాడు. నలభై ఒక్క గజాల దూరం నుంచి తన్నారు. బంతి మధ్యలోంచి పోయింది. బఫెలో పదహారు, టెన్నెసీ పదిహేను. ఇంకా పదహారు సెకన్లు.

"గెలిచినవ్ భాయ్!" గియాసుద్దీన్ బల్ల చరిచాడు. "సిక్స్‌టీన్ సెకన్స్ల ఏముంటది? నేను ఒక్కసారి తుమ్మితే అయిపాయె."

రత్నరాజు పేజీని మళ్ళీ పిలిచాడు. రాలేదు. తెర మూలన చిన్న బొమ్మ గిరగిరా తిరుగుతోంది, పేజీ తెల్లగా ఉండిపోయింది. ఒక నిమిషం. రెండు నిమిషాలు. మూడు.

పదేళ్ళుగా అతను రాత్రిపూట నడిచే ప్రోగ్రాములు రాశాడు. పొద్దున్నే వచ్చి చూస్తే తప్పు జరిగిందన్న సందేశం ఏదీ లేకపోతే, అది సరిగా నడిచినట్టే. ఎవరూ విడిగా వచ్చి బాగుందని చెప్పరు. ఈ వారం రోజులుగా ప్రపంచమంతా అలాగే నమ్మింది. మౌనం అంటే మంచి వార్త. పదహారు సెకన్లు ఎప్పుడో గడిచిపోయి ఉంటాయి. పేజీ రావడం లేదంటే అక్కడ జనం గంతులేస్తున్నారు, రాసేవాడు కూడా లేచి నిలబడి ఉంటాడు.

ఫోను అందుకున్నాడు.

"ఆగు భాయ్, ఫుల్ అయిపోయిందని రానీ, అప్పుడు చెయ్."

"అయిపోయింది గియాస్. అయిపోయే ఉంటుంది."

వార్డులో మంచం పక్క ఫోను రెండోసారికి ఎత్తింది మరియరాణి.

"రాణీ, లేచావా?"

"నిద్రెక్కడండీ నాకు. ఏంటి గొంతు అలా ఉంది?"

"నేనొక గుర్తు అడిగాను రాణీ, దేవుణ్ణి. బిడ్డ గురించి. వచ్చింది."

అవతలనుంచి ఊపిరి ఒకటి, లోతునుంచి చేదతో తోడినట్టు వచ్చింది. "నిజంగానా? ఎప్పుడడిగారు? ఏం గుర్తండీ?"

"వచ్చి చెప్తాను. నువ్వు కదలకు."

"కదల్ను. నేనస్సలు కదల్ను. స్తోత్రం ప్రభువా…" ఆమె ఏడుస్తోంది, నవ్వుతోంది. "ఇదుగో మన చర్చి కళావతి ఆంటీ ఇప్పుడే వచ్చారు, ఇడ్లీ తెచ్చారు. ఆంటీ! ఆయన గుర్తడిగారంట ఆంటీ…"

ఫోను పెట్టేసరికి గియాసుద్దీన్ తెర ముందు నిలబడి ఉన్నాడు. వెనక్కి తిరగలేదు.

"భాయ్," అన్నాడు, "నువ్వు చూడు. నాకు సమజ్ కాట్లే."

పేజీ వచ్చింది. బఫెలో బంతిని అవతలికి తన్నింది. టెన్నెసీ వాడొకడు అందుకుని వెనక ఉన్నవాడికిచ్చాడు. వాడు పరిగెత్తబోయి, మైదానానికి అడ్డంగా ఇంకొకడికి విసిరాడు. అందరూ ఇటుంటే వాడొక్కడే అటున్నాడు. డెబ్బై అయిదు గజాలు, ఎవరూ అడ్డం లేని గడ్డి మీద, గీత దాటేశాడు. మూడు సెకన్లు మిగిలి ఉండగా టెన్నెసీ గెలుపు. అయితే బంతి అడ్డంగా వెళ్ళిందా, ఒక్క అడుగైనా ముందుకి వెళ్ళిందా అని వీడియోలో పరిశీలిస్తున్నారు. ముందుకి వెళ్ళి ఉంటే చెల్లదు.

రత్నరాజు బల్ల మీద రెండు చేతులూ ఆనించాడు. తన జీవితంలో ఎన్నో అడిగాడు: వీసా, ఉద్యోగం, ఇంటికి కిటికీ. ఇప్పుడు తోలు బంతి ఒక్క అడుగు ముందుకెళ్ళి ఉండాలని అడిగాడు. ఒక్క అడుగు. అరడుగు. అప్పటికే జరిగిపోయిన దాన్ని, కొంచెం వేరేగా జరిగి ఉండమని అడిగాడు.

పేజీ మారింది. చెల్లుతుంది. ఇరవై రెండు, పదహారు. ఆట సమాప్తం.

గియాసుద్దీన్ అతని భుజం మీద చెయ్యేశాడు. "నువ్వు పో భాయ్. ఈడ నేనుంట. ఫోన్ల చెప్పకు, పోయి చెప్పు." రత్నరాజు తలుపు దాకా వెళ్ళాక వెనకనుంచి పరిగెత్తుకొచ్చి, మరియరాణి డబ్బా చేతిలో పెట్టాడు. అంతకంటే చెయ్యడానికి అతనికీ ఏమీ కనిపించలేదు.

పార్కులోంచి నడిచాడు. గడ్డి ఎండి పసుపు రంగుకి తిరిగింది. తెల్ల కాకటూలు గుంపుగా దిగి, నేలను తవ్వుతూ, ముసలివాళ్ళ గొంతుల్తో పోట్లాడుకుంటున్నాయి. ఒక కుటుంబం అప్పుడే బార్బెక్యూకి చోటు చూసుకుని నీడలో దుప్పటి పరుస్తోంది. డబ్బా చేతిలో ఇంకా గోరువెచ్చగా ఉంది. చెప్పకుండా ఉండొచ్చు అన్న ఆలోచన చెట్టుకొకసారి వచ్చింది. తొమ్మిది రోజులు. తొమ్మిది రోజులు ఆమె సంతోషంగా పడుకుంటే, ఆ సంతోషమే బిడ్డని పట్టుకుని ఉంచుతుందేమో. కానీ ఆమె చేసే ప్రతి స్తోత్రం ఒక అబద్ధం మీద నిలబడుతుంది, ఆ అబద్ధాన్ని అల్లింది తను. ఆసుపత్రి మెట్ల దగ్గర నిలబడి, తొమ్మిది రోజులు ఆమె కళ్ళలోకి చూడకుండా ఎలా ఉండాలో ఊహించి చూశాడు. చేతకాలేదు.

ఆమె దిండు మీద జుట్టు విరబోసుకుని ఉంది. వారం తర్వాత మొదటిసారి నుదుటి మీద ముడి లేదు.

"ఆంటీ చర్చికెళ్ళిపోయారండీ. దేవుడు చేసిన మేలు గురించి అందరి ముందూ సాక్ష్యం చెప్తానన్నారు. నేనే చెప్పమన్నాను. ఇప్పుడు చెప్పండి, ఏం గుర్తు?"

అతను కూర్చోలేదు. "రాణీ, అది రాలేదు. వచ్చిందనుకున్నాను. ఫోను పెట్టాక తెలిసింది."

"ఏది రాలేదు?"

"బఫెలో. ఇవాళ ఆట. గెలిచేసిందనుకుని నీకు ఫోన్ చేశాను. చివర్లో ఓడిపోయింది."

ఆమెకి అర్థమవడానికి సమయం పట్టింది. పక్క మంచం వాళ్ళ టీవీలో వాతావరణం చెబుతున్నారు, పడమటి శివార్లలో ముప్పై ఎనిమిది డిగ్రీలని.

"ఆటా?" అంది. "నా బిడ్డని ఆట మీద పెట్టారా?"

"నాకు అదే నోటికొచ్చింది."

"మీ నోటికి! మోసేది నా కడుపు. వారం రోజులుగా తుమ్మొస్తే కూడా ఆపుకుని పడుకున్నాను. నన్నొక్క మాట అడగాలని లేదా? ఆ గేదెలని అడిగారు." గొంతు పెంచలేదు. పెంచితే పొట్ట బిగుస్తుందని ఆమెకి భయం. కోపాన్ని కూడా వెల్లకిలా పడుకుని, కదలకుండా పడుతోంది. "ఓడిపోయాక ఏం చేస్తారు వాళ్ళు? ఆ ఊళ్ళో వాళ్ళు?"

అతను చెప్పాడు. మొదటిసారి ఫైనల్లో ఆ ఒక్క పాయింటుతో ఓడిన మర్నాడు, చలిలో వేలమంది ఊరి నడిబొడ్డు చౌకులో నిలబడ్డారు. గురి తప్పి తన్నినవాణ్ణి పేరు పెట్టి పిలిచారు, అతను మైకు ముందుకి వచ్చేదాకా పిలిచారు. తిట్టడానికి కాదు. రత్నరాజు ఆ గుంపు అంచున, అరువు కోటులో నిలబడి, ఒక ఊరు ఒక మనిషిని అలా క్షమించడం చూశాడు.

మరియరాణి పైకప్పు వైపు చూసింది.

"వాళ్ళకి వచ్చే ఏడాది ఉంటుందండీ," అంది. "నాకు ముప్పై ఏడు నిండాయి."

తర్వాత, అతని వైపు తిరక్కుండానే: "వెళ్ళండి. ఆంటీ లేచి చెప్పేలోపు వెళ్ళండి. అంతమంది దగ్గర దేవుడిచ్చాడని చెప్పించుకుని, ఇవ్వనిది నేను ఉంచుకోలేను."

రైల్లో నాలుగు స్టేషన్లు దాటి అయిదోదానిలో దిగాడు. సెవెన్ హిల్స్‌లో స్కూలు హాలు అద్దెకి తీసుకుని నలభై మంది తెలుగువాళ్ళు కూడతారు. అతను తలుపు దగ్గరికి వచ్చేసరికి కళావతి ఆంటీ నిలబడే ఉంది, తెల్లచీర కొంగు తల మీద కప్పుకుని. "…గుర్తు ఇచ్చాడు అమ్మా నా దేవుడు, ఆ తల్లి ముఖం మీరు చూడాలి…" చప్పట్లు. స్తోత్రం, స్తోత్రం అని హాలంతా.

"ఆంటీ," అన్నాడు రత్నరాజు. నడుస్తూనే మొదలుపెట్టాడు, ఆగితే మళ్ళీ నోరు రాదని. "వందనాలండి అందరికీ. ఆంటీ చెప్పింది జరగలేదు. తప్పు ఆంటీది కాదు, నాది. నేనొక ఆట గెలవాలని గుర్తు అడిగాను. అవకముందే గెలిచిందని చెప్పాను. ఓడిపోయింది."

ఫ్యాన్లు తిరుగుతున్నాయి. వెనక వరసలో ఎవరో పెద్దాయన, "ఏ ఆట బ్రదర్?" అని అడిగాడు.

"అమెరికన్ ఫుట్‌బాల్ అండి."

"కనీసం క్రికెట్టయినా కాదా!" అని ఒక ఆడగొంతు గుసగుసగా, అందరికీ వినపడేలా.

కళావతి ఆంటీ ముఖం చిన్నబోయింది. "నా నోటితో చెప్పించావు కదయ్యా," అంది. అంతలోనే కొంగు తీసి కళ్ళొత్తుకుని, "పిల్ల ఎలా ఉందిరా?" అని అడిగింది. పాస్టరు అయ్యగారు మైకు తీసుకుని, ఇక గుర్తులు లేకుండా ప్రార్థన చేద్దామన్నాడు. అందరూ తలలు వంచారు. రత్నరాజు వంచాడు కానీ లోపల ఒక్క మాట కూడా దొరకలేదు. ఇంతకుముందెప్పుడూ అలా జరగలేదు.

సోమవారం ఆమె అతనితో మాట్లాడింది: నీళ్ళు కావాలి, దిండు సర్దండి, టైమెంత. షీర్ ఖుర్మా రెండు చెంచాలు తిని, బాగుందని అన్వరీ బేగంకి చెప్పమంది. ఎనిమిది రోజులు, అని ఇద్దరిలో ఎవరూ పైకి అనలేదు.

మంగళవారం తెల్లవారాక ఆమె అతని మణికట్టు పట్టుకుంది. నర్సు వచ్చింది, డాక్టరమ్మ వచ్చింది, తెర లాగారు. ఎవరూ తొందరపడలేదు. తొందరపడడానికి ఏమీ లేనప్పుడు మనుషులు ఎంత మెత్తగా నడుస్తారో అతనికి అప్పుడు తెలిసింది. పదిన్నరకి ఆడపిల్ల పుట్టింది. ఇరవై మూడు వారాలు. అతని ముంజేయి పొడుగు ఉంది. కళ్ళు ఇంకా విచ్చుకోలేదు. వేళ్ళకి గోళ్ళు రావడం మొదలైంది. టవల్లో చుట్టి మరియరాణి గుండె మీద పెట్టారు. గుండె కొట్టుకోవడం చర్మం మీదికే కనిపిస్తోంది, నీటి కింద చేపపిల్ల కదిలినట్టు. షీనా అని పేరు పెట్టింది వాళ్ళమ్మ. నలభై నిమిషాలు ఉంది. ఆ నలభై నిమిషాలూ ముగ్గురూ ఒక కుటుంబం.

నర్సు ఒక తెల్ల కార్డు మీద సిరాతో పాదముద్రలు తీసి ఇచ్చింది. రెండూ కలిపి ఒక తపాలా బిళ్ళంత.

మధ్యాహ్నం కిటికీ తెరలు వేసి ఉన్నాయి. గదిలో నీలం నీడ. రత్నరాజు గోడ పక్క కుర్చీలో కూర్చుని, రెండు రోజులుగా మోస్తున్నదాన్ని పైకి అన్నాడు. "నేను అడక్కుండా ఉండాల్సింది రాణీ. దేవుడు ఆదివారమే రాసిపెట్టాడు. నేనే రాయించాను."

మరియరాణి తల ఇటు తిప్పింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయాయి, చూపు మాత్రం తేటగా ఉంది.

"కుర్చీ ఇటు లాక్కోండి."

లాక్కున్నాడు.

"అక్కడెవరో ఓడారు. వాళ్ళ ఆట వాళ్ళు ఓడారు. ఇక్కడ నా కూతురు పోయింది. మూడు ఎలా పోయాయో ఇదీ అలాగే పోయింది, నా కడుపు మొయ్యలేక పోయింది. ఈ రెంటినీ కలిపి ముడేసింది మీరు. నా పిల్ల చావుని ఆ స్కోరు పక్కన రాయనివ్వను నేను. ముడి విప్పండి."

"ఎలా?"

"నోటితోనే వేశారు కదా, నోటితోనే. రెండూ వేరని చెప్పండి."

అతను పెదవులు తడుపుకున్నాడు. "రెండూ వేరు."

"కిందికి కాదు. నన్ను చూసి."

"రెండూ వేరు రాణీ."

ఆమె అతని ముఖంలోకి చూస్తూ ఉంది. నమ్మాడా లేదా అని వెతుకుతోంది. దొరకలేదు.

"ఇంకోసారి," అంది.